పలచని చోట

మంగళవారం పొద్దున అన్నయ్య ఫోను వచ్చినప్పుడు సూదక్క చేతిలో ఎవరిదో పసిపిల్ల మోచెయ్యి ఉంది. నరం దొరకని పిల్లల్నీ, ఒళ్ళొచ్చిన పెద్దవాళ్ళనీ ఆమె పనిచేసే రక్తపరీక్షల ల్యాబులో ఎప్పుడూ ఆమె దగ్గరికే పంపుతారు. ఆమె సూది దిగితే చీమ కుట్టినంత కూడా ఉండదని పేరు. ఇరవై ఆరేళ్ళలో ఆ పేరే అసలు పేరుని మింగేసింది. ఫోను మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. పిల్ల చేతి మీద దూది అదిమి, తల్లి బొటనవేలు దాని మీద పెట్టించి, గొట్టం మీద నంబరు రాసి, అప్పుడు తీసింది.

"మీ వదిన కింద కూర్చుండిపోయిందే," అన్నాడు అన్నయ్య.

"కూర్చుంటే లేవమను."

"లేవలేకపోతోంది. దారాల డబ్బా అందుకుందామని అర మీదకి చెయ్యి చాచిందిట. నడుములో ఏదో పుటుక్కుమందిట. పడలేదు, దేనికీ కొట్టుకోలేదు. లేపబోతే అరిచింది."

వదిన అరవడం సూదక్క ఎన్నడూ వినలేదు. మూలగడం విన్నది. ఏడాదిగా ఆ ఇంట్లో ఆ మూలుగు గోడగడియారం చప్పుడులా అలవాటైపోయింది, ఉన్నట్టే తెలియదు. వదిన ఇంట్లోనే మిషను పెట్టుకుని పాంట్లు కురచ చేయడం, జిప్పులు మార్చడం, చినిగిన కాలర్లు తిప్పి కుట్టడం లాంటి పనులు చేస్తుంది. సూదక్కకి పెళ్ళి కాలేదు, రెండు వీధుల అవతల ఒక్కతే ఉంటుంది, ఆదివారం భోజనం మాత్రం అన్నయ్య ఇంట్లోనే. ఒక ఆదివారం వడ్డిస్తూ వడ్డిస్తూ వదిన గోడకి ఆనుకుంటే, "వదిన నడుముకి క్యాలెండరు చూడడం వచ్చు అన్నయ్యా, పని ఎక్కువున్న రోజే నొస్తుంది," అన్నది సూదక్క. అన్నయ్య పొలమారేంత నవ్వాడు. వదిన కూడా నవ్వింది, గరిటె పట్టుకున్న చేత్తోనే గోడ తడుముకుంటూ.

ఆమె వెళ్ళేసరికి వదిన మిషను కాళ్ళకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో రంగురంగుల దారపుండలు చెదిరి ఉన్నాయి. ముఖం గోడ సున్నంలా ఉంది. సూదక్క అలవాటుకొద్దీ కింది కనురెప్ప లాగి చూసింది. లోపల ఎరుపన్నదే లేదు.

"నవ్వకు," అన్నది వదిన. "నవ్వితే నాకూ నవ్వొస్తుంది. నవ్వితే నొస్తోంది."

సూదక్క నవ్వలేదు.

అంబులెన్సువాళ్ళు దుప్పటితో ఎత్తి బల్ల మీదకి మార్చారు. గుమ్మం మలుపులో బల్ల కాస్త వంగినప్పుడు వదిన రెండోసారి అరిచింది. అన్నయ్య దారపుండలన్నీ ఏరి డబ్బాలో వేసి, ఆ డబ్బా ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో పెట్టుకునే ఆసుపత్రికి వచ్చేశాడు.

*

ఎముకల డాక్టరు ఫిల్ము వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాడు. నడుము దగ్గర ఒక వెన్నుపూస పైనుంచి నొక్కిన బ్రెడ్డుముక్కలా అణగారిపోయి ఉంది. "డబ్బా అందుకుంటే విరిగే ఎముక కాదిది," అన్నాడు. "ఇది నా దగ్గర తేలేది కాదు." రక్తం డాక్టరమ్మకి కబురు పెట్టాడు. ఆవిడ ఒకదాని తర్వాత ఒకటిగా పరీక్షలు రాసింది. రెండు రోజులు నెత్తురు పోతూనే ఉంది. "ఇంకా ఉందా లోపల?" అని వదిన అడిగితే నర్సు నవ్వింది.

గురువారం మధ్యాహ్నం డాక్టరమ్మ స్వయంగా మంచం దగ్గరికొచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. కళ్ళజోడు నెత్తి మీదకి తోసుకుని, కేసు కాగితం వెనక్కి తిప్పి బొమ్మ గీసింది.

"ఎముకల లోపల మూలుగ ఉంటుంది కదండీ. రక్తం తయారయ్యేది అందులోనే. అక్కడే ప్లాస్మా కణాలని కొన్ని ఉంటాయి. ఒంట్లోకి క్రిములొస్తే వాటి పని పట్టే ప్రోటీన్లు తయారుచేసేవి అవి. కాపలావాళ్ళనుకోండి. వాటిలో ఒకటి దారి తప్పింది. తన లాంటివాటినే పుట్టించుకుంటూ పోయింది. ఇప్పుడవన్నీ కలిసి ఒకే రకం ప్రోటీను, దేనికీ పనికిరానిది, రాశులు పోస్తున్నాయి." ఆవిడ ఇంకో కాగితం తీసింది. గ్రాఫులో అంతా బల్లపరుపుగా ఉండి, ఒక చివర మాత్రం ఒంటి స్తంభంలా గీత నిటారుగా లేచింది. "ఇదే ఆ ప్రోటీను. దాన్ని వడపోయలేక కిడ్నీలు మూసుకుపోతున్నాయి. ఆ కణాల వల్లే ఎముక కరిగిపోతోంది, నెత్తురుకి చోటు లేకుండా పోతోంది. మూలుగ తీసి చూస్తే పూర్తిగా తేలుతుంది. నాకు మాత్రం పెద్ద అనుమానం లేదు. మైలోమా అంటారు దీన్ని."

"కంచే చేను మేసిందన్నమాట," అన్నది వదిన పడుకునే.

డాక్టరమ్మ ఆమె వంక కొత్తగా చూసింది. "అంతే. నేనింతసేపు చెప్పింది మీరు మూడు ముక్కల్లో తేల్చారు."

"క్యాన్సరేనా అండీ?" అన్నాడు అన్నయ్య.

"ఆ కోవలోదే. ఈ జాతిలో నెమ్మదైనవి కూడా ఉంటాయి. మందులు కూడా అక్కర్లేదు, అప్పుడప్పుడు పరీక్ష చేసుకుంటూ కనిపెట్టి ఉంటే చాలు. ఇది ఆ మెట్టు దాటేసింది. పూర్తిగా పోతుందని చెప్పను. అణగదొక్కవచ్చు. అణిగి ఉన్నన్నాళ్ళు మనిషి మామూలుగా తిరగొచ్చు. ఇదివరకు రక్తపరీక్ష ఏమైనా చేయించారా?"

అన్నయ్య సంచీలోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. సూదక్కకి ఆ కాగితం తెరవకముందే తెలుసు. పైన నీలం గీత, పక్కన ల్యాబు గుర్తు.

"జనవరిది," అన్నది డాక్టరమ్మ. "రక్తం తొమ్మిదిన్నర. ఈఎస్సార్ నూట పద్దెనిమిది, ఇరవై ముప్పై దాటకూడనిది." వేలు కిందకి జరిపింది. 'ఇతర వివరాలు' అన్నచోట ఒక అడ్డగీత ఉంది. "స్లైడు చూసినవాళ్ళు ఏమీ రాయలేదే."

ఆవిడ ఎవరినీ తప్పుపట్టడం లేదు. ఉండాల్సిన వస్తువు డబ్బాలో లేకపోతే ఇంకోసారి తడిమి చూసినట్టుంది ఆ మాట. అడ్డగీత పక్కనే రెండు పొడి అక్షరాలున్నాయి. అవి సూదక్కవి.

"ఏం రాసుండాలండీ?" అని అడిగింది సూదక్క. ఏం రాసుండాలో ఆమెకి తెలుసు.

"ఎర్రకణాలు పళ్ళేలు పేర్చినట్టు దొంతరలు కట్టి ఉంటాయి, ఆ ప్రోటీను జిగురుకి. కనిపించకపోయి ఉండొచ్చు కూడా. అన్నిసార్లూ కనిపించవు."

ఆ మాట అక్కడ ఊతకర్రలా ఉంది. పట్టుకుందామని సూదక్క చెయ్యి చాచినంత పని చేసింది. ఈలోగా అన్నయ్య మొదలుపెట్టాడు.

"తప్పు నాదేనండీ. అప్పుడు క్లినిక్కులో రక్తం తక్కువుందని మాత్రలు రాశారు, నెల పోయాక మళ్ళీ చూపించమన్నారు. నేనే తీసుకెళ్ళలేదు. మిషను తొక్కితే నడుం నొప్పి రాక పంటి నొప్పొస్తుందా అన్నాను. అదీ నవ్వుతూ అన్నాను." దారాల డబ్బా ఇంకా ఆయన ఒళ్ళోనే ఉంది. మూత తీస్తున్నాడు, పెడుతున్నాడు. "తప్పు నాదే."

సూదక్క కాగితం మడిచి ఇచ్చేసింది. పాత మడతల మీదే, అంచులు కలిసేలా, జాగ్రత్తగా మడిచింది.

*

శుక్రవారం మూలుగ తీశారు. వదినని పక్కకి తిప్పి, తుంటి ఎముక దగ్గర మందిచ్చి, లావుపాటి సూదిని బిరడా తిప్పినట్టు తిప్పుతూ దించారు. సూదక్క మంచానికి ఇటువైపు మోకాళ్ళ మీద కూర్చుంది, వదిన ముఖం ఎదురుగా.

"నీ సూదులు నయం," అన్నది వదిన పళ్ళ బిగువున. "మాట్లాడు ఏదైనా."

సూదక్క ఎన్ని వేలమందికి సూది గుచ్చుతూ ఎన్ని కబుర్లు చెప్పిందో. బడి గురించి, వాన గురించి, చేతి గాజుల గురించి. ఇప్పుడు ఒక్కటీ నోటికి రాలేదు. వదిన వేళ్ళు మాత్రం పట్టుకుంది. చూపుడువేలి కొస సూదిపోట్లతో గరుకుగా, చిన్న ఆకురాయిలా ఉంది. ముప్పై ఏళ్ళుగా ఆ చేతి భోజనం తిన్నది గానీ ఆ వేలు ఎప్పుడూ ముట్టుకోలేదు.

బయటికొచ్చాక వరండాలో డాక్టరమ్మ వెంట పడింది. "ఎనిమిది నెలలు ముందు తెలిసుంటే?"

డాక్టరమ్మ నడక ఆపింది. "జబ్బు ఇదే. మందులూ ఇవే. ఆ వెన్నుపూస నిలిచేదేమో. కిడ్నీలు ఇంత దెబ్బతినేవి కాదేమో. ఏమో అనే అంటున్నాను. అంతకు మించి చెబితే నేను అబద్ధమాడినట్టు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "మీరు ల్యాబులో పనిచేస్తారటగా. మీకు తెలియనిదేముంది."

*

శనివారం ల్యాబులో జనం పల్చబడ్డాక సూదక్క లోపలి గదిలోకి వెళ్ళింది. స్లైడులు ఏడాదిపాటు చెక్కపెట్టెల్లో ఉంచుతారు, నెలల వారీగా. జనవరి పెట్టెలు నాలుగు. గాజుపలకల గరుకుచివర మీద పెన్సిలు నంబర్లు చూసుకుంటూ మూడో పెట్టె ఏడో వరసలో ఆగింది. తీసి మెత్తటి కాగితంతో తుడిచింది. రంగు కొంచెం వెలిసింది గానీ చెడలేదు. నెత్తురు పూత అందంగా ఉంది, మొదలు చిక్కగా, పోనుపోను పలచబడి, చివర నాలుకలా గుండ్రంగా. అలా లాగడం ఆ ల్యాబులో ఆమెకి తప్ప ఇంకెవరికీ రాదు.

మైక్రోస్కోపు కింద పెట్టి, చుక్క నూనె వేసి, పెద్ద కటకం దించి, కన్ను పెట్టింది.

చిక్కగా ఉన్నచోట కణాలు ఎవరివైనా ఒకదాని మీద ఒకటి పడతాయి. సంతలో జనంలాంటివి. చూడాల్సింది నాలుక చివర, పలచని చోట. అక్కడ ఎవరి నెత్తురైనా విడివిడిగా, ఎడం ఎడంగా ఉంటుంది. మర తిప్పుకుంటూ అక్కడికి వెళ్ళింది. అంత ఖాళీ ఉండి కూడా కణాలు ఒకదాన్నొకటి కరుచుకుని దొంతర్లు దొంతర్లుగా పడి ఉన్నాయి. పెళ్ళివారింట కడిగి బోర్లించిన పళ్ళేల్లా వరసలు. వాటి మధ్య నేల లేత నీలంగా ఉంది. అదీ ఆ ప్రోటీను గుర్తే.

కొత్తగా కనిపించినవి కావు. ఆ రోజే కనిపించాయి. అందులో తనని తాను మోసం చేసుకోవడానికి వీల్లేదు. ఆ రోజు వదిన వరసలో కూర్చుని వంతు వచ్చాక వచ్చింది. నెత్తురు తీసింది తనే. వదిన వెళ్ళాక పక్క టేబులావిడ "ఎవరు?" అంటే, "మా వదిన. ఒళ్ళు వంగని జబ్బు," అన్నది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు పెదాల మీద ఉండగానే కన్ను పెట్టింది. దొంతర్లు చూసింది. పూత మందంగా లాగినట్టున్నాను అనుకుంది. ఇరవై ఆరేళ్ళలో మందంగా లాగని చెయ్యి, వదిన దగ్గరికొచ్చేసరికి మందంగా లాగిందని నమ్మేసింది. ఇంకో స్లైడు తీయాలంటే అయిదు నిమిషాలు. పలచని చోటికి జరగాలంటే మర సగం చుట్టు. అడ్డగీత గీసింది.

సాయంత్రం సంతకాలకి వచ్చే పెద్ద డాక్టరు కుర్చీలో సర్దుకోకముందే ఆ స్లైడు ఆయన మైక్రోస్కోపు కింద పెట్టింది. ఆయన చూసి, మర తిప్పి, మళ్ళీ చూశాడు.

"ఎప్పటిది?"

"జనవరిదండీ. నేను చూశాను. ఏమీ రాయలేదు."

"సంతకం నాదేగా."

"మీ ముందు కాగితం పెట్టాను. స్లైడు పెట్టలేదు."

"పెట్టమని నేనూ అడగలేదు." ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "ఎవరిది?"

"మా వదినదండీ."

ఆయన స్లైడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇంట్లోవాళ్ళవి మనం చూడకూడదమ్మా. మరీ భయపడుతూ చూస్తాం. భయంలో లేనివి కనిపిస్తాయి, ఉన్నవి కనిపించవు."

"భయపడుతూ చూడలేదండీ," అన్నది సూదక్క. "నవ్వుతూ చూశాను."

పెద్ద డాక్టరు కళ్ళజోడు పెట్టుకోవడం మరిచిపోయి అలాగే చేతిలో పట్టుకున్నాడు. చివరికి, ఈఎస్సార్ నూరు దాటిన ప్రతి స్లైడూ ఇకనుంచి తన ముందుకి రావాలని, అది రాసి గోడకి అంటించమని చెప్పాడు. ఆమె రాసి అంటించింది. అక్షరాలు ఒకే ఎత్తులో, ముత్యాల్లా వచ్చాయి. ఎంత బాగా రాసినా గుండెలో బరువు గుండెలోనే ఉంది. అన్నయ్యకి చెప్పేయాలని అప్పుడే నిశ్చయించుకుంది. ముందు వదినకి చెప్పి, తర్వాత అన్నయ్యకి. ఆయన మూడు రోజులుగా సరిగ్గా తినడం లేదు. చెయ్యని తప్పుకి కుమిలిపోతున్నాడు, అదైనా దించాలి.

*

సోమవారం నాటికి మూలుగ ఫలితం కూడా వచ్చింది. డాక్టరమ్మ అన్నట్టే తేలింది. మంగళవారం పొట్ట మీద మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు. వారం వారం అది, దాంతో మాత్రలు, ఎముకలకి వేరే మందు. బుధవారం మధ్యాహ్నం ఇంటికి పంపించారు. గురువారం సూదక్క సెలవు పెట్టి వెళ్ళింది.

వదిన కిటికీ పక్క మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. చంకల దగ్గర్నుంచి తుంటి దాకా గట్టి బెల్టు. మిషను జోలికి పోవద్దన్నారు. కానీ ఒళ్ళో ఎవరిదో పాంటు ఉంది. చిన్న కొక్కెంతో అంచు కుట్లు ఒక్కొక్కటే తెంపుతోంది.

"మాత్రల మహిమ," అన్నది. "చేతులు ఊరుకోవడం లేదు. రాత్రంతా కళ్ళు గుడ్లగూబలే. కూర్చో."

లోపల వంటింట్లో గిన్నె కింద పడ్డ చప్పుడు. తర్వాత కుళాయి.

"టీ," అన్నది వదిన గొంతు తగ్గించి. "పొడి ఎక్కడుందని మూడుసార్లు అడిగారు మీ అన్నయ్య. నాలుగోసారి అడిగితే చెప్పకూడదనుకున్నాను. అడగలేదు. వెతుక్కున్నారు."

సూదక్క కూర్చోలేదు. నిలబడే చెప్పింది. దొంతర్లు, పలచని చోటు, అడ్డగీత, పక్క టేబులావిడతో అన్నమాట, ఏదీ వదలకుండా చెప్పింది. చెబుతున్నంతసేపూ వదిన చేతులు ఆగలేదు. కుట్టు తెగడం, దారం లాగడం, వేలికి చుట్టడం.

అంతా అయ్యాక వదిన ఆ దారం వేలిమీంచి తీసి కిటికీలో పెట్టింది.

"ఆ రోజు సూది తీశాక నాతో ఏమన్నావో గుర్తుందా?"

గుర్తులేదు.

"'రక్తం మందారంలా ఉంది వదినా, నీకేం రోగం,' అన్నావు. ఇంటికొచ్చి మీ అన్నయ్యకి అదే చెప్పాను. తర్వాత నొప్పి ఎక్కువైనప్పుడు ఆయనే ఒకసారి, పోనీ మళ్ళీ చూపిద్దామా అన్నారు. నేనే వద్దన్నాను. ఆడపడుచు అంత చదువుకున్నది, నెత్తురు చూసి చెప్పింది కదా, ఇంకా నడుము నడుము అంటే బాగుండదు అనిపించింది. సిగ్గేసింది."

సూదక్క మంచం కోడు పట్టుకుంది. స్లైడు సంగతి చెప్పడానికి వారం రోజులు మాటలు కూడగట్టుకుంది. ఈ మాట ఆమె లెక్కలోనే లేదు.

"అన్నయ్యకి చెప్పేస్తాను," అన్నది. "ఇప్పుడే. తప్పు తనదని తిండి మానేశాడు."

"చెప్పకు."

"అదేమిటి వదినా. నువ్వు నన్ను క్షమించినా..."

"ఆ మాట నేనన్నానా?"

వదిన పాంటు మడిచి పక్కన పెట్టింది. బెల్టు నొక్కుతుంటే కొంచెం ఇటు జరిగి, ఊపిరి కూడదీసుకుంది.

"నువ్వు చెప్పావనుకో. నీ మీద రెండు రోజులు కోప్పడతారు. మూడోరోజు హాయిగా పేపరు తిరగేసుకుంటారు. నీ బరువు దిగుతుంది, ఆయన బరువు దిగుతుంది. నా నడుము ఇలాగే ఉంటుంది." గొంతులో కోపం లేదు. కొలత చెబుతున్నట్టు చెబుతోంది. "ఈ మందు ఎన్నాళ్ళో డాక్టరమ్మ చెప్పలేదు. వారం వారం ఎవరో తీసుకెళ్ళాలి. పొద్దున్నే ఎవరో ఈ బెల్టు కట్టాలి. ముప్పై ఏళ్ళలో ఆ మనిషి నాకో గ్లాసు మంచినీళ్ళిచ్చి ఎరగరు. నిన్న నా కాళ్ళు కడిగారు. ప్రేమ పుట్టేదాకా కూర్చునే తీరిక నాకు లేదు. తప్పు చేశాననుకున్న మనిషి అలారం లేకుండా లేస్తాడు."

"అది అన్యాయం కదా వదినా."

"అవును," అన్నది వదిన. "నీ తప్పు నీ దగ్గరే ఉంచుకో. నాకిప్పుడు మీ అన్నయ్య తప్పుతో పనుంది."

అన్నయ్య వచ్చాడు. మూడు గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని, కళ్ళు వాటి మీదే ఉంచి, సన్నటి గోడ మీద నడుస్తున్నట్టు వచ్చాడు. పళ్ళెంలో సగం టీ ఒలికి ఉంది. వదిన గ్లాసు అడుగు తన చొక్కాకి తుడిచి, ఊది, చేతికిచ్చాడు. దిండు జారితే సర్దాడు. అప్పుడు కింద, మంచం పక్కన చతికిలబడ్డాడు.

"జనవరిలోనే నేను గట్టిగా పట్టుకుని ఉంటే," అని మొదలుపెట్టాడు. వారంగా ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో, అరిగిపోయి నున్నగా అయింది. "తోడు వెళ్ళి మళ్ళీ చూపించి ఉంటే. నువ్వైనా నన్ను ఒక్క మాట అనలేదేమే, చెల్లాయ్. నీకు తెలుసుగా ఇవన్నీ. తిట్టొచ్చుగా."

సూదక్క నోరు తెరిచింది. వదిన ఆమె వైపు చూడలేదు. మళ్ళీ పాంటు అందుకుని, కుట్టు ఎక్కడ ఆపిందో వేలితో వెతుక్కుంటోంది. కిటికీలోంచి వచ్చే ఎండలో ఆ వేలు సన్నగా, ఎముక కనబడేలా ఉంది.

"పోనీలే అన్నయ్యా," అన్నది సూదక్క. "తెలిసి చేశావా ఏమన్నా."

ఆ మాట తన గొంతులోంచే వచ్చింది. మెత్తగా, పెద్దరికంగా వచ్చింది.

అన్నయ్య తల దించుకున్నాడు. భుజాలు కదిలాయి. కాసేపటికి అరచేత్తో ముఖం తుడుచుకుని లేచాడు. "నీది పెద్ద మనసు," అన్నాడు, ఆమె చేతిలోంచి గ్లాసు తీసుకుంటూ. అందులో టీ అలాగే ఉంది. చల్లారిపోయింది కాబోలనుకుని, వేడి చేసి తెస్తానని లోపలికి వెళ్ళాడు.